గడ్డి నేలను ఖాళీ నేల అనకండి

తొలకరి పడగానే మొక్కల లెక్కలు మొదలవుతాయి. ఏ జిల్లాకు ఎన్ని లక్షలు, ఏ మండలానికి ఎన్ని వేలు, ఒక్కరోజులో ఎన్ని గుంతలు. 2015లో మొదలైన తెలంగాణ హరితహారం 230 కోట్ల మొక్కలను లక్ష్యంగా పెట్టుకుంది. రాష్ట్రంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి చేరుస్తామంది. ఆ మూడో వంతు లక్ష్యం 1988 నాటి జాతీయ అటవీ విధానంలోనే ఉంది. ఇప్పుడు దానికి కార్బన్ లెక్క కూడా తోడైంది. చెట్టు గాలిలోని కార్బన్‌ను పీల్చుకుంటుంది. చెట్టు లేని నేల ఖాళీగా పడి ఉంది. కాబట్టి ఆ నేలంతా మొక్కలు నాటితే థర్మల్ కేంద్రాల పొగకు విరుగుడు దొరికినట్టే. బడి పాఠం నుంచి ప్రభుత్వ పథకం దాకా నడుస్తున్న వాదన ఇది.

ఇందులో మొదటి మాట సగం నిజం. రెండోది పచ్చి అబద్ధం. ఈ రెంటి మీద నిలబెట్టిన మూడో మాట ప్రమాదకరం. దీన్ని నమ్మి మనం గొర్రెల కాపరుల మేత నేలను పోగొట్టుకుంటున్నాం. బొగ్గు మండించడానికి ఒక సాకును సంపాదించుకుంటున్నాం.

ముందుగా ఆ సగం నిజానికి దక్కాల్సిన గౌరవం ఇద్దాం. 17వ శతాబ్దంలో యాన్ వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు తొట్టిలో 200 పౌన్ల ఎండుమట్టి పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు తప్ప మరేమీ ఇవ్వలేదు. మొక్క 169 పౌన్ల చెట్టయింది. మట్టి రెండు ఔన్సులు తగ్గిందంతే. ఆ బరువంతా నీటి నుంచి వచ్చిందని ఆయన అనుకున్నాడు. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనేనని, ఆ కార్బన్ గాలిలోంచే వచ్చిందని తరవాతి తరాలు తేల్చాయి. చెట్టు గాలిని కర్రగా మారుస్తుందన్న మాటలో తప్పు లేదు. తప్పంతా కథను అక్కడే ఆపేయడంలో ఉంది.

ఆ తరవాతి కథ ఇది. భూమ్మీది మొక్కలన్నీ కలిసి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఏడాదికి సుమారు 12,000 కోట్ల టన్నుల కార్బన్‌ను గాలిలోంచి తీసుకుంటాయి. అందులో దాదాపు సగాన్ని అవే తమ శ్వాసక్రియతో తిరిగి వదిలేస్తాయి. మిగిలిన సగం ఆకు, కాండం, వేరు, గింజ అవుతుంది. అది ఎండి రాలుతుంది, మేతవుతుంది, కుళ్లుతుంది, కాలుతుంది. శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు, చెదలు, పశువులు, మంటలు కలిసి దానిలోనూ దాదాపు అంతా మళ్లీ గాలికే చేరుస్తాయి. ఏడాది చివర నేల మీద నికరంగా మిగిలేది సుమారు 300 కోట్ల టన్నులు. అంటే తీసుకున్న ప్రతి వంద పాళ్లలో రెండు మూడు పాళ్లు. కాలువలో వచ్చే నీటిని మాత్రమే కొలిచి, తూమునూ అలుగునూ చూడకుండా చెరువు నిండిందని చెబితే ఆయకట్టు రైతు ఒప్పుకోడు. కార్బన్ విషయంలో మాత్రం దేశమంతా అలాంటి లెక్కనే ఒప్పుకుంటోంది.

ఈ రాకపోకలకు ఆకాశమే సాక్ష్యం. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఆ గీత మే నెల దాకా ఎక్కుతుంది, ఉత్తరార్ధగోళంలో ఆకులు చిగిర్చి పెరిగే నెలల్లో దిగుతుంది, ఆకు రాలి కుళ్లగానే మళ్లీ ఎక్కుతుంది. అడవులు పీల్చి వదిలే తీరు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అయినా 1958లో పది లక్షల పాళ్లకు 315 పాళ్ల దగ్గరున్న ఆ గీత ఇప్పుడు 420 దాటింది. అడవులు ఏటా ఎంత పీల్చినా, దానిలో ఎక్కువ భాగం ఏటా వదిలేస్తున్నాయి గనక, నేల అడుగునుంచి తవ్వి తీసిన కార్బన్ పైపైన పోగుపడుతోంది.

అమెజాన్ అడవి ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇస్తోందన్న ప్రచారం కూడా ఇలాంటి ఒంటి చేతి లెక్కే. 2019 ఆగస్టులో ఆ అడవి తగలబడినప్పుడు దేశాధినేతలు సైతం ఆ మాట అన్నారు. అమెజాన్ తయారుచేసే ఆక్సిజన్‌ను దాదాపు అంతా అక్కడి చెట్ల శ్వాస, అక్కడ కుళ్లే ఆకు వాడేసుకుంటాయి. మనం పీల్చే ఆక్సిజన్ కోట్ల సంవత్సరాలుగా సముద్రాల అడుగున, రాళ్లలో పూడిపోయిన సేంద్రియ కార్బన్‌కు ఎదురుగా గాలిలో మిగిలింది. అమెజాన్‌ను కాపాడాలి. దాని జీవరాశి కోసం, అది కురిపించే వానల కోసం, అందులో శతాబ్దాలుగా నిలిచిన కార్బన్ కోసం కాపాడాలి. తప్పుడు కారణం చెప్పి అడవిని కాపాడబోతే, ఆ కారణం తప్పని తేలిన రోజున అడవికి అండ ఉండదు.

కాబట్టి అసలు ప్రశ్న చెట్టు ఎంత పీల్చిందన్నది కాదు. పీల్చినది ఎక్కడ నిలిచింది, ఎంతకాలం నిలిచింది అన్నది. ఈ ప్రశ్న వేసిన మరుక్షణం చూపు కొమ్మల మీంచి మట్టి మీదికి దిగాలి. ప్రపంచంలోని మట్టి పై మీటరు లోతులో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ ఉంది. గాలిలో ఉన్నది సుమారు 90 వేల కోట్ల టన్నులు. మొక్కలన్నిటిలోనూ కలిపి ఉన్నది సుమారు 45 వేల కోట్ల టన్నులు. ఆ రెండూ కలిపినా మట్టిలో ఉన్నదానికి చాలవు. మన దేశపు అటవీ సర్వే నివేదికలు చూసినా ఇదే తేలుతుంది. అడవుల కార్బన్ నిల్వలో సగానికి పైగా అడవి మట్టిలోనే ఉంది. అడవిలోనే మట్టి వాటా ఇంత ఉంటే, గడ్డి నేలల సంగతి చెప్పనక్కర్లేదు. గడ్డి మొక్క తన సంపాదనలో పెద్ద వాటాను వేళ్లకు పంపుతుంది. ఆ వేళ్లు ఏటా కొన్ని చస్తాయి, కొన్ని పుడతాయి. చచ్చిన వేరు మట్టి రేణువులకు అంటుకుని నిలుస్తుంది. పైన మంట వచ్చినా, కరువు వచ్చినా, గొర్రె మేసినా కింద ఉన్నది కింద ఉంటుంది. కాలిఫోర్నియాలో తరచూ కరువులు, కార్చిచ్చులు వచ్చే పరిస్థితుల్లో అడవుల కంటే గడ్డి నేలలే కార్బన్‌ను నమ్మకంగా పట్టి ఉంచగలవని 2018లో అక్కడి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చెప్పడానికి కారణం ఇదే.

ఇక శక్తి దారి చూద్దాం. కార్బన్ తిరుగుతూనే ఉంటుంది. శక్తి ఒకసారి వచ్చి, పనిచేసి, వేడిగా మారి వెళ్లిపోతుంది. ఈ తేడాను పట్టుకుని ఆవరణ వ్యవస్థలను లెక్కగట్టే దారి చూపినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మినసోటాలో సీడార్ బాగ్ లేక్ అనే చిన్న సరస్సును ఏళ్ల తరబడి అధ్యయనం చేసి రాసిన ఆయన వ్యాసం 1942లో అచ్చయ్యేనాటికి ఆయన లేడు, 26 ఏళ్లకే కన్నుమూశాడు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పదో వంతు శక్తే చేరుతుందని మన పదో తరగతి పిల్లలు నేర్చుకునే సూత్రానికి మూలం ఆ పని. కానీ బడిలో గీసే పిరమిడ్ ఒక విషయాన్ని దాచేస్తుంది. అడవిలో పెరిగే పచ్చదనంలో బతికుండగా జంతువు నోట్లో పడేది పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా రాలి, చెదలకూ శిలీంధ్రాలకూ పోతుంది. గడ్డి నేలలో మాత్రం మేసే జంతువుకు చేరే వాటా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే కృష్ణజింకల గుంపులు, గొర్రెల మందలు గడ్డి నేలల్లో బతుకుతాయి.

2019 పశుగణనలో తెలంగాణలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.76 కోట్ల గొర్రెలు తేలాయి. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. ఈ మూడున్నర కోట్ల గొర్రెలు ఏం తిని బతుకుతున్నాయి? కోత కోసిన చేలలో మోళ్లు, బీళ్లలో గరిక, గుట్టల మీద బోదగడ్డి, బంచరాయి భూముల్లో పొదలు. ఖాళీ అని ముద్రపడిన నేల పట్టుకున్న ఎండే ఆ మాంసం, ఆ ఉన్ని, ఆ ఎరువు. వేసవిలో రైతులు గొల్ల కురుమల చేత తమ చేలలో మందలు కట్టించుకుంటారు. బీడులోని గడ్డి పట్టిన కార్బన్, నత్రజని పెంటికల రూపంలో చేను మట్టిలోకి నడిచి వస్తాయి. ఇది కొన్ని తరాలుగా సాగుతున్న పోషకాల రవాణా. ఏ ఎరువుల సబ్సిడీ లెక్కలోనూ దీనికి చోటు లేదు. ఆ బీడుకు కంచె వేసి మొక్కలు నాటిన రోజున ఈ దారి మూసుకుపోతుంది. మంద మిగిలిన కొద్ది నేల మీదికే వెళ్తుంది, ఆ నేల అరిగిపోతుంది, అప్పుడు మళ్లీ గొర్రెలే నేలను పాడుచేశాయన్న నింద పుడుతుంది.

మేసే జంతువు కార్బన్‌కు శత్రువన్న నమ్మకానికి సెరెంగెటి గట్టి జవాబు ఇచ్చింది. టాంజానియాలోని ఆ గడ్డి మైదానంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తగ్గాక విల్డెబీస్ట్‌ల సంఖ్య కొన్ని దశాబ్దాల్లో దాదాపు మూడు లక్షల నుంచి పన్నెండు లక్షలు దాటింది. అవి గడ్డి మేసేయడంతో మంటలకు ఇంధనం తగ్గింది, మంటలు తగ్గడంతో చెట్లూ కోలుకున్నాయి. అంతకుముందు గాలికి కార్బన్ వదులుతూ వచ్చిన ప్రాంతం, గాలిలోంచి తీసుకునే ప్రాంతంగా మారింది. అక్కడ ఎవరూ గుంతలు తవ్వలేదు.

మన గడ్డి నేలలు నరికేసిన అడవుల శిథిలాలని చాలామంది అధికారులు, విద్యావంతులు నిజంగానే నమ్ముతారు. కొన్ని చోట్ల అది నిజం కూడా. కానీ ఉపఖండంలో ఎండను తట్టుకునే ఉష్ణమండల గడ్డి జాతులు 70, 80 లక్షల ఏళ్ల కిందటే విస్తరించాయని శివాలిక్ కొండల్లోని పాత మట్టి పొరలు, జంతువుల పళ్ల శిలాజాలు చెబుతున్నాయి. గొడ్డలి పట్టిన మనిషి అప్పటికి పుట్టనే లేదు. నేటి నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్ట చెట్ల మధ్య బతకదు. దూరం దాకా చూపు ఆనే గడ్డి నేల దానికి కావాలి. అంతటి పిట్ట ఒక్క ఏడాదిలో పుట్టిన బీడును నమ్ముకుని పరిణామం చెందలేదు. ఇప్పుడు దేశమంతటా కలిపి అవి రెండు వందలు కూడా లేవు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో కేంద్రం తయారుచేసిన 2019 బంజరు భూముల అట్లాస్ దేశంలో సుమారు 5.58 కోట్ల హెక్టార్లను బంజరుగా చూపింది. పొదల నేలలు, మేత నేలలు అందులో ఉన్నాయి. ఆ జాబితాలో చేరిన నేలకు అడవికున్న చట్టపు అండ ఉండదు, పొలానికున్న హక్కుదారూ ఉండడు. సోలార్ పార్కుకైనా, మొక్కల పథకానికైనా మొదట కనపడేది అదే.

నీటి మాట కూడా ఉంది. ఆఫ్రికా సవన్నాల్లో వందలాది చోట్ల సేకరించిన వివరాలతో మహేశ్ శంకరన్ బృందం 2005లో ఒక నియమం చూపింది. ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోట చెట్లు ఎంత దట్టంగా పెరగగలవో వానే నిర్ణయిస్తుంది. మన అనంతపురంలో పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఖండం వేరైనా చెట్టు దాహం ఒకటే. ఇలాంటి నేలలు కూడా ఉన్న దేశంలో, 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన గ్రీన్ క్రెడిట్ పద్ధతి పొదల నేలలనూ బంజరునూ కలుపుకుని హెక్టారుకు కనీసం 1,100 చెట్ల సాంద్రత అడిగింది. మొక్కలు బతకకపోతే డబ్బు దండగ. బతికితే ఇంకో నష్టం. ప్రపంచవ్యాప్త తోటల వివరాలను పరిశీలించిన రాబర్ట్ జాక్సన్ బృందం గడ్డి, పొదల నేలల్లో తోటలు వేసిన చోట్ల వాగుల ప్రవాహం సగటున సగానికి పైగా తగ్గిందని 2005లో చూపింది. బోరు వెయ్యి అడుగులకు దిగిన జిల్లాలో వాగు నీటిని ఎవరి అనుమతితో పణం పెడుతున్నారు?

ఇదే జాక్సన్ 2002లో గడ్డి నేలల్లోకి చెట్లు, పొదలు చొరబడితే మట్టి కార్బన్ ఏమవుతుందో చూశాడు. పొడి ప్రాంతాల్లో అది పెరిగింది, వాన ఎక్కువున్న చోట్ల తగ్గింది. అంటే చెట్టు రాకతో మట్టిలోని కార్బన్ పెరుగుతుందన్న హామీ ఎక్కడా లేదు, తగ్గి తీరుతుందన్న నియమమూ లేదు. ఈ అధ్యయనంలోని మొదటి సగాన్ని నాకు వ్యతిరేకంగా ఎవరైనా వాడుకోవచ్చు, వాడుకోనివ్వండి. చోటును బట్టి మారే ఫలితాన్ని చోటు చూడకుండా దేశమంతటికీ ఒకే సూత్రంగా అమ్మడమే నా అభ్యంతరం.

పొడి నేలను చెట్లతో నింపిన అనుభవం మనకు కొత్త కాదు. సర్కారు తుమ్మను 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురానికి తెచ్చారు. తరవాతి దశాబ్దాల్లో దేశంలోని మెట్ట ప్రాంతాలకు దాన్ని వరంగా పంచారు. గుజరాత్‌లోని బన్నీ గడ్డి మైదానంలో 1960ల మొదట్లో నాటితే, ఇప్పుడు అది ఆ మైదానంలో దాదాపు సగాన్ని ఆక్రమించింది. మన చెరువు గర్భాల్లో, బంచరాయిల్లో అది చేసిన పని ప్రతి గొర్రెల కాపరికీ తెలుసు. ఉపగ్రహం ఫొటోలో మాత్రం అది పచ్చగానే కనిపిస్తుంది.

ఆ పచ్చదనాన్నే మనం అడవిగా లెక్కపెడుతున్నాం. ఒక హెక్టారు దాటిన చోటు, పది శాతం దాటిన కొమ్మల కప్పు ఉంటే అటవీ సర్వే దాన్ని అటవీ విస్తీర్ణంలో చేరుస్తుంది. జాతి ఏదైనా, యజమాని ఎవరైనా ఒకటే. జామాయిల్ తోట, సరుగుడు తోట, నల్లమల అడవి ఒకే గంపలో పడతాయి. జామాయిల్‌ను నాలుగైదేళ్లకు నరికి కాగితపు గుజ్జుకు పంపుతారు. ఆ కాగితం కొద్ది ఏళ్లలోనే చెత్తకుప్పకో మంటకో చేరుతుంది. వేగంగా పెరిగే చెట్టు వేగంగా పీల్చే మాట నిజం. దాని కార్బన్ వేగంగా తిరిగి వెళ్లిపోయే మాట కూడా అంతే నిజం. రైతు తన భూమిలో బతుకు కోసం జామాయిల్ వేసుకుంటే తప్పు పట్టేవారెవరూ లేరు. దాన్ని వాతావరణానికి చేసిన సేవగా రాసుకోవడం తప్పు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో దశాబ్దాల నాటింపులను పరిశీలించిన 2021 అధ్యయనం, వాటివల్ల అటవీ సాంద్రత పెరిగిన దాఖలా దాదాపు లేదని, ప్రజలకు మేత, వంటచెరకు ఇచ్చే జాతులు తగ్గాయని తేల్చింది.

అన్నిటికంటే పెద్ద అబద్ధం బొగ్గుకూ మొక్కకూ సమానం గుర్తు పెట్టడం. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన పెర్మియన్ యుగపు అడవి. గోదావరి లోయలోని చిత్తడిలో పడి, గాలి తగలక, కుళ్లకుండా మిగిలిపోయిన చెట్లు అవి. ఏటా వందలో రెండు మూడు పాళ్లే మిగిలే తిరుగుడు నుంచి తప్పించుకుని, కోట్ల ఏళ్లు బయటే ఉండిపోయిన కార్బన్ అది. 2023-24లో సింగరేణి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. ఆ కార్బన్‌ను మండించి, పదేళ్లకో ముప్పై ఏళ్లకో ఎండిపోయే, నరికేసే, కాలిపోయే చెట్టు చేతిలో పెట్టి చెల్లు రాసుకుంటున్నాం. దేశపు వాగ్దానాన్నే చూడండి. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను నిల్వచేస్తామని పారిస్ ఒప్పందం కింద భారత్ చెప్పింది. భారత్ బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు ద్వారా వదులుతున్నది ఒక్క ఏడాదికే సుమారు 300 కోట్ల టన్నులు. ఏళ్ల తరబడి నాటే మొక్కలన్నీ బతికి, పెరిగి, నిలిచినా తీరేది ఒక్క ఏడాది పొగ. ప్రపంచస్థాయిలోనూ ఇదే జరిగింది. 90 కోట్ల హెక్టార్లలో చెట్లు పెంచితే 20,500 కోట్ల టన్నుల కార్బన్ దాచవచ్చని 2019లో ఒక అధ్యయనం ప్రకటిస్తే పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ అంచనా దాదాపు ఐదు రెట్లు ఎక్కువని, సవన్నాలనూ గడ్డి నేలలనూ ఖాళీగా లెక్కించడం అందుకు ఒక కారణమని జోసెఫ్ వెల్డ్‌మన్ తదితర శాస్త్రవేత్తలు అదే ఏడాది అదే పత్రికలో ఖండించారు. మొదటి వార్త చదివినవారిలో ఎక్కువమంది ఈ ఖండనను చూడలేదు.

అయితే మొక్కలు నాటొద్దా అని అడుగుతారు. నాటాలి. అడవి ఉండి పోయిన చోట అడవి జాతులను నాటాలి. అంతకంటే ముందు, మోళ్లలోంచి తిరిగి చిగిర్చే అడవిని గొడ్డలి నుంచి కాపాడాలి, అది నాటడం కంటే చవక, నమ్మకం. కోరింగ మడ అడవులను కాపాడాలి, వాటి బురదలో ఆక్సిజన్ అందక కుళ్లుడు మందగించి కార్బన్ చాలాకాలం పూడి ఉంటుంది. ఊళ్లో నీడకు వేప, రావి నాటాలి, మండే వేసవిలో నీడకు మించిన మేలు లేదు. ఆ నీడను నీడగానే లెక్కించాలి.

బీళ్లు నిజంగానే అరిగిపోయాయి కదా అంటారు. కొన్ని అరిగిపోయాయి. అరిగిన గడ్డి నేలకు మందు గడ్డే. సర్కారు తుమ్మను వేళ్లతో తీయించడం, స్థానిక గడ్డి విత్తనం చల్లించడం, వంతులవారీగా నేలకు విశ్రాంతి ఇచ్చేలా కాపరులతో ఒప్పందం చేసుకోవడం, ఇవన్నీ ఉపాధి హామీ కూలీతో చేయించదగ్గ పనులే. గుంత తవ్వితేనే కూలి అన్న నియమం దేవుడు పెట్టింది కాదు.

ప్రభుత్వాల నుంచి కోరవలసినవి స్పష్టంగా ఉన్నాయి. గడ్డి నేలలను బంజరు జాబితాలోంచి తీసి వేరే ఆవరణ వ్యవస్థగా గుర్తించాలి. బంచరాయి భూముల మీద కాపరుల హక్కును రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏ నాటింపుకైనా ముందు అక్కడి మట్టిలో ఎంత కార్బన్ ఉందో, వాగులో ఎంత నీరుందో కొలవాలి, పదేళ్ల తరవాత మళ్లీ కొలవాలి. నాటిన మొక్కల సంఖ్యను విజయంగా ప్రకటించడం ఆపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బొగ్గు తగ్గించే లెక్కనూ చెట్లు పెంచే లెక్కనూ ఒకే పద్దులో రాయడం మానాలి. పాతిక కోట్ల ఏళ్ల కార్బన్‌ను నేలలోనే ఉంచడం ఒక్కటే దాన్ని గాలిలోకి రాకుండా ఆపే మార్గం. ఆ పని చేయడం ఇష్టంలేని వ్యవస్థ, ఓటు బలం లేని గొర్రెల కాపరి నేలను చూపించి పని అయిపోయిందంటోంది. ఆ మాటను ఇక ఒప్పుకోకూడదు.